దారి అడగండి: సముద్రం ఎటు పక్క?

పోయిన నెల "స్నేహితులతో కోస్తా ప్రయాణం గురించి ఏమైనా అడగండి" అని రాసినందుకు ఇన్ని ప్రశ్నలు వచ్చిపడతాయని అనుకోలేదు. వాటిలో సగం హోటళ్ళ రేట్లు. అవి మీ ఫోనులో చూసుకోండి, ఆ విషయం నాకన్నా దానికే బాగా తెలుసు. నేను 31 ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి. బందరులో మొదలుపెట్టి అమలాపురంలో దిగాను. నాకు తెలిసినవి రోడ్డు, రేవు, బండిలో కూర్చున్న మనుషుల గొణుగుడు. ఆ మేరకే జవాబులు.

*

ప్రశ్న: మేం నలుగురం ఇంజినీరింగ్ క్లాస్‌మేట్లం. కారులో కాకినాడ చేరి, అక్కడి నుంచి ఒంగోలు దాకా 216 హైవే మీద రెండు రోజుల్లో వెళ్ళాలని ప్లాను. ఎడమ పక్క సముద్రం చూసుకుంటూ, ఆగాలనిపించిన చోటల్లా ఆగుతూ. రెండు రోజులు చాలతాయా?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, చేదు మాట ముందే చెప్పేస్తాను. ఆ రోడ్డు మీద సముద్రం కనపడదు.

కత్తిపూడి దగ్గర మొదలై ఒంగోలులో కలిసే ఆ రోడ్డు దాదాపు 390 కి.మీ. మ్యాపులో చూస్తే నీళ్ళని రాసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. తీరా వెళ్తే ఎడమ పక్క మీకు కనిపించేవి కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, వరి చేలు, తుమ్మ చెట్లు. గోదావరీ కృష్ణా వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద ఉన్నాం మనం. ఒడ్డున నేల మెత్తన. రోడ్డు వేసేవాడు గట్టి నేల వెతుక్కుని లోపలికి జరుగుతాడు. జరగకుండా ఒడ్డునే వేస్తే ఏమవుతుందో కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచి రోడ్డు చూడండి. తుఫాను వచ్చినప్పుడల్లా సముద్రం దాన్ని కొరుకుతుంది, వీళ్ళు రాళ్ళు పోస్తారు, అది మళ్ళీ కొరుకుతుంది. ఉప్పాడలో ఇళ్ళు కూడా అలాగే పోయాయి. సముద్రం పక్కన కారు తోలాలన్న మీ ముచ్చట తీరేది ఆ కాస్త దూరమే. అందుకని తెల్లవారుజామున అక్కడే మొదలుపెట్టండి. పోటు ఎక్కువగా ఉన్న రోజు నీళ్ళు రోడ్డు మీదికి చిమ్ముతాయి. అద్దాలు ఎత్తుకోండి.

ఆ తరవాత ఇంక సముద్రాన్ని మీరే అడగాలి. అంటే హైవే దిగి ఎడమకి తిరిగి, చాలా చోట్ల పది కి.మీ.కి కాస్త అటూ ఇటూగా వెళ్ళి, చూసి, అదే దారిన వెనక్కి రావాలి. నా లెక్కలో రోజుకి రెండు మలుపులు. మూడోదానికి వెళ్తే చూసినట్టూ ఉండదు, కూర్చున్నట్టూ ఉండదు. కాబట్టి మీ రెండు రోజుల్ని నాలుగు చేయండి. కుదరకపోతే కాకినాడ నుంచి నరసాపురం దాకా వెళ్ళి ఆగిపోండి, మిగతాది మరోసారి.

నేను రిటైరయ్యాక, 2016 జనవరిలో, మేమూ నలుగురం ఇదే దారిన వెళ్ళాం. నేను, నాతో పదకొండేళ్ళు ఒకే బండిలో తిరిగిన కండక్టరు, మా డిపో మెకానిక్కు, మా పక్కింటి తెలుగు మేష్టారు. బండి మేష్టారిది, పాత మారుతి 800. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్న తగువు తాళ్ళరేవు చేరకముందే అయిపోయింది. మేష్టారికి మోకాళ్ళ నొప్పులు, ఆయనే గెలిచారు.

మొదటి రోజు కోరింగ మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు కనిపిస్తాయి. ఆ చెట్లు ఊపిరి పీల్చేది వాటితోనే. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు కోరింగ. 1839 నవంబరు ఉప్పెన ఊడ్చేశాక మళ్ళీ లేవలేదు. ఆ వంతెన మీద నిలబడి మేష్టారు ఇదంతా చెబుతుంటే మెకానిక్కు దోమలు కొట్టుకుంటున్నాడు. మీరు దోమల మందు పూసుకుని వెళ్ళండి. యానాంలో పెట్రోలు మన దగ్గరికన్నా చవక, ట్యాంకు నింపుకోండి. అక్కడ గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కి ఎదుర్లంకలో దిగితే కోనసీమ. ఆ వంతెన రాకముందు ఇక్కడ బండ్లని నది దాటించే పంటు కోసం గంటలకొద్దీ కాచుకున్న రోజులు నాకు తెలుసు. ఇప్పుడు రెండు పాటలు అయ్యేలోపు దాటేస్తారు.

అమలాపురం దాటాక ఇంకో పాయ వైనతేయ మీద బోడసకుర్రు వంతెన, దాని అవతలే పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ రోజుల్లో ఆ పక్కగా రాత్రి బస్సు తోలిన డ్రైవర్లు హెడ్‌లైట్ల పనే లేదనేవారు. రాత్రికి దిండిలో ఆగండి.

రెండో రోజు తొందరగా లేచి అంతర్వేది. గుడి చూసుకుని, గోదావరి సముద్రంలో కలిసే చోటికి వెళ్ళండి. అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఒక పక్క మట్టి రంగు, ఒక పక్క నీలం. తిరిగొచ్చేటప్పుడు చించినాడ వంతెన మీదుగా పోకండి, దయచేసి. సఖినేటిపల్లి రేవులో కారు పంటు ఎక్కించి నరసాపురంలో దిగండి. పంటు ఎక్కేటప్పుడు మొదటి గేరు, కాలు తడబడకూడదు. ఎక్కాక హ్యాండ్ బ్రేకు లాగి ఇంజను ఆపి కిందికి దిగి నిలబడండి. గోదావరికి వరద ఉన్నప్పుడు పంటు తిప్పరు. ముందు రోజే రేవులో అడగండి.

నరసాపురం నుంచి బందరు దాకా దారంతా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చూడ్డానికి ఏం లేదు, కంటికి విశ్రాంతి. బందరు ముందు పెడనలో ఆగండి. కొయ్య అచ్చులతో కలంకారీ అద్దుతుంటారు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, అద్దిన చోటే మళ్ళీ గురి తప్పకుండా అద్దాలి. మా కండక్టరు అరగంట చూసి, "మనం టికెట్టుకి పంచ్ కొట్టినట్టే ఉందిరా" అన్నాడు. బందరులో లడ్డూ కొనుక్కుని మంగినపూడి వెళ్ళండి. అక్కడ ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. తెల్లప్యాంటు వద్దు.

మూడో రోజు మోపిదేవి, అవనిగడ్డ, హంసలదీవి. ఈ దివిసీమ రోడ్ల మీద నేను పాటలు పెట్టను. 1977 నవంబరు 19, ఉప్పెన వచ్చిన రాత్రి నేను బందరులో ఉన్నాను, ఇరవై ఏళ్ళవాణ్ణి. తెల్లారాక లారీ మీద ఇటు వచ్చాం. అంతకంటే రాయను. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, రేపల్లె మీదుగా బాపట్ల, రాత్రికి సూర్యలంక.

నాలుగో రోజు చీరాల దాటాక వేటపాలెం. జీడిపప్పు ఎలాగూ కొంటారు, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూడా ఓ గంట కూర్చోండి. పాత పత్రికలు ఎంత బాగా దాచారో. దగ్గర్లోనే మోటుపల్లి. గాలికి కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరిన ఓడల్లోని సరుకుని అంతకుముందు రాజులు దోచుకునేవారట. 1244లో కాకతీయ గణపతిదేవుడు "ఇక దోచుకోం, పన్ను మాత్రమే తీసుకుంటాం" అని అభయమిచ్చి రాయి మీద చెక్కించాడు. వీరభద్రుడి గుడి దగ్గర ఆ శాసనం ఉంది. ఇప్పుడక్కడ ఓడా లేదు, రేవూ లేదు. మేష్టారు ఆ రాయిని చేత్తో తడిమి, చాలాసేపు మాట్లాడలేదు. అది మాకు వింత. అక్కడి నుంచి చినగంజాం ఉప్పుమడులు, తరవాత ఒంగోలు. మీ హైవే అయిపోయింది.

*

ప్రశ్న: మా ఫ్రెండ్ పుట్టినరోజుకి బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటోలు తీయాలి. ఆంధ్రా కోస్తాలో దీనికి మంచి చోటు ఏది?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి లేస్తాడు, ఇటు పొలాల్లోకి దిగుతాడు. నీళ్ళ మీద అస్తమయమే కావాలంటే దిండిలో గోదావరి ఒడ్డున కూర్చోండి. అవతలి గట్టు కొబ్బరి చెట్ల వెనక దిగుతాడు, కింద నది ఎర్రగా ఉంటుంది. లేదంటే పుట్టినరోజు అమ్మాయిని అయిదింటికి నిద్ర లేపండి. అది అయ్యే పనేనా అన్నది మీకే తెలియాలి.

*

ప్రశ్న: మేం ముగ్గురం చిన్నప్పుడు ఒకే బెంచీ. ఇప్పుడు అందరికీ 55 దాటాయి. కాకినాడ నుంచి బందరు దాకా కారులో తిరిగి రావాలని కోరిక. డ్రైవింగ్ నాకొక్కదానికే వచ్చు. పిల్లలేమో "ఎందుకమ్మా రిస్కు, హాయిగా టూరు బస్సులో తిరుపతి వెళ్ళండి" అంటున్నారు. మీరేమంటారు?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వెళ్ళండమ్మా. తిరుపతి ఎక్కడికీ పోదు.

పిల్లల భయంలో నిజం ఎంతో చెబుతాను. ఒక్కరే తోలుతున్నారు కాబట్టి రెండు గంటలకొకసారి దిగి పది నిమిషాలు నడవాలి, ఒంట్లో బాగానే ఉందనిపించినా సరే. సాయంత్రం అయిదు లోపల దిగాల్సిన ఊరు చేరిపోవాలి. ఆ రోడ్డు పగలు మంచిదే. చీకటి పడ్డాక లైట్లు లేని ట్రాక్టర్లు, తాడు తెంపుకొచ్చిన గేదెలు, రోడ్డు మీదే కూర్చుని కబుర్లాడే జనం. కోతల రోజుల్లో అయితే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ రాళ్ళు రాత్రి కనపడవు. తిట్టుకోకండి, వాళ్ళకి మరో కళ్ళం లేదు. మొగల్తూరు నుంచి కృత్తివెన్ను దాకా చేపల బండ్ల వెనక దగ్గరగా పోవద్దు. వాటిలోంచి కారే నీళ్ళకి రోడ్డు జారుతుంది, బ్రేకు పట్టదు. నా సర్వీసులో బండి అడ్డం తిరిగింది ఒక్కసారే, అది ఆ నీళ్ళ మీదే.

ఇక ఏ ఆడమనిషైనా అడగాలనుకుని ఉత్తరంలో రాయని సంగతి. మరుగుదొడ్డి. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ నాకు నేర్పింది ఇదే: దాహం వేసినా నీళ్ళు తాగకుండా కూర్చోవడం తెలివి కాదు, పెద్ద బంకు కనపడ్డప్పుడల్లా ఆగడం తెలివి. కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు ఊళ్ళలో పరవాలేదు. మధ్యలో పెద్ద గుళ్ళ దగ్గర ఉంటాయి.

మీకు నచ్చేవి మూడు. ఉప్పాడ మగ్గాల మీద జాందానీ, నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లే లేసు, పెడన అద్దకం. డిక్కీలో చోటు ఉంచుకోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూపించుకోండి, పంచరు పడితే ఎవరో ఒకరు ఆగి చక్రం మారుస్తారు గాని గాలి లేని స్టెప్నీని ఎవరూ ఏం చేయలేరు. రోజూ రాత్రి పిల్లలకి మీరే ఫోన్ చేయండి. వాళ్ళని చేయనివ్వకండి, తోలేటప్పుడు చేస్తారు.

*

ప్రశ్న: కోస్తాకి వెళ్తున్నాం, తాజా సముద్రపు చేప ఎక్కడ తినాలి? మే నెలలో మా ట్రిప్. పులస కూడా తినాలని ఉంది.
ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీకు రెండు విధాలా టైము కలిసిరాలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో "ఇప్పుడే సముద్రంలోంచి వచ్చిందండీ" అని వడ్డించే చేపల్లో చాలావరకు చెరువులోంచి వచ్చినవే. రుచిగా లేవని కాదు, అబద్ధానికి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. పులస వానాకాలం సంగతి. సముద్రపు చేప గుడ్లు పెట్టడానికి గోదారి ఎర్రనీటికి ఎదురీదితేనే పులస అవుతుంది. అంతవరకు అది ఇలసే. మేలో ఎవరైనా పులస అంటే లేచి వచ్చేయండి. ఆగస్టులో అన్నా సరే, ఇంటివాళ్ళకి తెలిసిన బెస్తవారి దగ్గర తప్ప కొనకండి. బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలస కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతుంది. మేలో అయితే పీత, రొయ్య తినండి. మామిడికాయ వేసిన ఎండురొయ్యల కూర దొరికితే ఇంకేమీ అడగకండి.

*

ప్రశ్న: వీడియోల్లో కార్లు అలల అంచున ఇసుక మీద దూసుకుపోతుంటాయి. మనమూ బీచ్ మీద తోలవచ్చా? అలాగే ఈత బాగా వచ్చినవాళ్ళు ఎంత లోతు వరకు వెళ్ళవచ్చు?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మొదటిదానికి సమాధానం, వద్దు. మేం చేశాం కాబట్టి చెబుతున్నాను.

హంసలదీవి దగ్గర పాలకాయతిప్ప ఒడ్డున మెకానిక్కు "ఇసుక గట్టిగానే ఉంది, నాలుగడుగులు పోనీ" అన్నాడు. బస్సు డ్రైవర్ని, నాకు బుద్ధి ఉండాలి. పోనిచ్చాను. పది గజాలు బాగానే వెళ్ళింది, ఆ తరవాత ముందు చక్రాలు దిగాయి. యాక్సిలేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగాయి. పోటు వస్తోంది. మేష్టారు కారు వైపు, సముద్రం వైపు మార్చి మార్చి చూస్తున్నారు. వలలు ఆరేసుకుంటున్న ముగ్గురు వచ్చి, ముందు నన్ను స్టీరింగ్ దగ్గర్నుంచి దిగమన్నారు. టైర్లలో సగానికి సగం గాలి తీయించారు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద నిలబడుతుంది. చక్రాల ముందు చేత్తో ఇసుక తవ్వి, కొబ్బరి మట్టలు, కారులోని మ్యాట్లు కింద పెట్టి, రెండో గేరులో మెల్లగా పోనిమ్మన్నారు. తక్కినవాళ్ళు వెనక నుంచి తోశారు. అరగంట పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగారు. అవనిగడ్డ దాకా ఇరవై దాటకుండా వచ్చి గాలి కొట్టించుకుని, మంచినీళ్ళతో బండి అడుగు కడిగించాం. ఉప్పునీళ్ళు తగిలిన ఇనుము మర్నాడే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.

ఇంకో సంగతి. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పైకి ఏమీ కనపడదు. మీ టైరు కింద ఏముందో మీకు తెలియదు. మేం వెళ్ళిందీ జనవరే. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

ఈతకి వస్తే, మోకాలి లోతు. అంతే. చెరువులో, కాలవలో నేర్చిన ఈత సముద్రంలో అక్కరకు రాదు. అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటు చూసి జనం "ఇక్కడ బాగుంది" అని దిగుతారు. ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అదే, మనిషినీ పట్టుకుపోతుంది. పట్టుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, రెక్కలు అలిసిపోతాయి. ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక బయటికి రండి. నది కలిసే మొగల దగ్గర, అంటే అంతర్వేదిలో, హంసలదీవిలో, అసలు దిగవద్దు. తాగినవాణ్ణి కాళ్ళు కూడా తడుపుకోనివ్వకండి.

*

ప్రశ్న: మా గుంపులో ఒకడు ప్రతి ట్రిప్పులో "తరవాత ఇస్తాలేరా" అంటాడు, ఇవ్వడు. ఇంకొకడు యానాం రాగానే సీసాలు కొంటానంటున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. స్నేహం చెడకుండా ఏం చేయాలి?
పేరు వద్దన్న పాఠకుడు, ఏలూరు

జవాబు: మొదటివాడికి మా కండక్టరు మందు ఉంది. బయల్దేరే ముందే నలుగురి దగ్గరా సమానంగా వసూలు చేసి ఒక స్టీలు డబ్బాలో వేశాడు. పెట్రోలు, టీ, పంచరు, పంటు, అన్నీ అందులోంచే. చిల్లర పుస్తకంలో రాశాడు. డబ్బా అడుగు కనపడగానే మళ్ళీ వసూలు. "తరవాత" అన్న మాటకి చోటే లేదు. ఒంగోలులో లెక్క చూస్తే 40 రూపాయలు మిగిలాయి, తలా పది చేతిలో పెట్టాడు. ఆ పది నేను ఇంకా ఖర్చు పెట్టలేదు. మీ మంచివాడి చేతికే ఆ డబ్బా ఇచ్చి చూడండి, లెక్క రాసేవాడు ఎగ్గొట్టడం కష్టం.

రెండోవాడి సంగతి నేను మెత్తగా చెప్పలేను. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడ కొన్న సీసా ఎదుర్లంక వైపు తెస్తే కేసు. అది అతని బాధ. తాగినవాడు స్టీరింగ్ ముట్టుకుంటే అది మీ నలుగురి బాధ, ఎదురొచ్చేవాడి బాధ కూడా. తాళాలు మీ జేబులో ఉండాలి. అలిగితే అలగనివ్వండి, మర్నాడు పొద్దున ఇడ్లీల దగ్గర సర్దుకుంటుంది.

*

ప్రశ్న: మాకు ఒక్క రోజే సెలవు, ముగ్గురు ఆఫీసు స్నేహితులం. వైజాగ్ నుంచి భీమిలి వెళ్ళి వస్తే చాలా, లేక ఇంకా దూరం పోవాలా?
ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: చాలమ్మా. ఆరింటికల్లా బయల్దేరండి. మధ్యలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎండ ఎక్కకముందే దిగండి, ఆ ఎరుపు పొద్దునే బాగుంటుంది. భీమిలిలో పాత డచ్చివాళ్ళ సమాధులు చూసి, ఒడ్డున టిఫిను చేసి వెనక్కి తిరగండి. కొండలు ఒడ్డుదాకా వచ్చిన చోటు కాబట్టి అక్కడ రోడ్డు నిజంగానే సముద్రం పక్కన పోతుంది. వెళ్ళేటప్పుడు కుడి పక్క ఉంటుంది. వచ్చేటప్పుడు ఎడమ పక్క. కూకట్‌పల్లి బాబూ, ఈ జవాబు మీరు కూడా చదవండి.